కొండకు ట్రైలర్ తీసుకెళ్లే ముందు



కుప్పం, పుంగనూరు, మదనపల్లె. ఈ మూడు ఊళ్లనూ కలిపే జాతీయ రహదారి ఒకటే. ఉరవకొండ నుంచి అనంతపురం, కదిరి మీదుగా వచ్చి కృష్ణగిరి దాకా పోయే 42వ నంబరు రోడ్డు అది. సెలవు రోజుల్లో ఆ దారిన మదనపల్లె దగ్గరి హార్స్లీ హిల్స్‌కు పోయే కుటుంబాలు చాలా ఉంటాయి. బెంగళూరు వాళ్లు చింతామణి మీదుగా వచ్చి మదనపల్లెలో కలుస్తారు. వీళ్లలో కొందరికి ఇప్పుడు కొత్త కోరిక పుట్టింది. కారు వెనకాల చిన్న ఇల్లు తగిలించుకుని పోవాలని. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న పిల్లలు "నాన్నా, ట్రైలర్ తీసుకునిపోయి అడవిలో రెండు రాత్రులు ఉండి వచ్చినాం" అని ఫొటోలు పంపుతారు. పడక, పొయ్యి, మడత బల్ల, కిటికీకి తెర. చూస్తే ముచ్చటేస్తుంది. మనమూ ఒకటి కొందామా అనిపిస్తుంది. మంచి కోరికే. అయితే ఆ ముచ్చట వెనక బరువుల లెక్క ఒకటుంది. అది చూసుకోకుండా అడ్వాన్సు ఇచ్చేస్తే ఇంటిల్లిపాది ప్రాణాల మీదికి వస్తుంది. ఇవాళ ఆ లెక్క గురించే మాట్లాడతాను. చేతికి అందేచోట కాగితం, పెన్ను ఉంటే దగ్గర పెట్టుకోండి.

సినిమా షూటింగుల దగ్గర మనం చూసే కారవాన్‌కు దాని ఇంజను, దాని బ్రేకులు దానికే ఉంటాయి. నేను చెప్పే ట్రైలర్‌కు ఇంజను ఉండదు. చిన్నవాటిలో చాలావాటికి బ్రేకులు కూడా ఉండవు. ముందున్న కారు లాగితే కదలాలి, ఆ కారు ఆపితే ఆగాలి. 1885లో గోర్డన్ స్టేబుల్స్ అనే డాక్టరు ఇంగ్లండులో ఇట్లాంటి ఇల్లొకటి ప్రత్యేకంగా చేయించుకుని స్కాట్లండు దాకా తిరిగాడు. దాని పేరు 'వాండరర్'. సామానుతో కలిపి సుమారు రెండు టన్నులు. లాగింది రెండు గుర్రాలు. అప్పటికి కార్లు లేవు గానీ ప్రశ్న మాత్రం ఇదే. లాగేదాని సత్తా ఎంత, వెనక వచ్చేదాని బరువు ఎంత?

మన కారు సత్తా ఎంతో ఎవరిని అడగాలి? అమ్మేవాళ్లను కాదు, పక్కింటివాళ్లను కాదు. కారుతో పాటు ఇచ్చిన పుస్తకాన్ని అడగాలి. డ్యాష్‌బోర్డు అరలో ఏళ్ల తరబడి విప్పకుండా పడి ఉంటుందే, అది. అందులో మూడు అంకెలు వెతకండి. ఖాళీ కారు బరువు మొదటిది. మనుషులు, సామాను అన్నీ కలుపుకుని కారు ఎంత బరువు దాకా ఉండవచ్చో చెప్పేది రెండోది. ఎంత బరువున్న ట్రైలర్‌ను లాగవచ్చో చెప్పేది మూడోది. ఆ మూడో అంకె బ్రేకులున్న ట్రైలర్‌కు ఒకటి, బ్రేకులు లేనిదానికి ఒకటి వేరువేరుగా ఉంటుంది. బ్రేకులు లేనిదానికి బాగా తక్కువ ఉంటుంది.

మన దేశంలో అమ్మే చాలా కార్ల పుస్తకాల్లో ఈ మూడో అంకె కనపడదు. కొన్నింటిలో ట్రైలర్ లాగవద్దని స్పష్టంగా రాసి ఉంటుంది. అప్పుడు మనవాళ్లు ఇంటర్నెట్టులో వెతికి, ఇదే కారు ఆస్ట్రేలియాలోనో దక్షిణాఫ్రికాలోనో రెండు టన్నులు లాగుతుందట అని ధైర్యం చెప్పుకుంటారు. దయచేసి ఆ పని చేయకండి. పేరు ఒకటే అయినా అక్కడ అమ్మే కారుకు రేడియేటరు, గేర్ల నిష్పత్తి, బ్రేకులు, వెనక స్ప్రింగులు వేరుగా ఉండవచ్చు. బొలెరో, స్కార్పియో, ఫార్చ్యూనర్ లాంటివి విడిగా ఛాసిస్ ఉన్న బండ్లు. క్రెటా లాంటివి బాడీయే ఛాసిస్‌గా ఉన్నవి. ఛాసిస్ ఉన్నంతమాత్రాన ఎంతైనా లాగుతుందని లేదు, లేకపోతే అసలు లాగదనీ లేదు. తయారుచేసినవాళ్లు రాతపూర్వకంగా ఏమంటారన్నదే లెక్క. పుస్తకంలో లేకపోతే కంపెనీకి ఈమెయిల్ పెట్టండి, మీ కారు మోడలు, సంవత్సరం రాసి అడగండి. జవాబు రాకపోతే, వద్దన్నారనే అనుకోండి. రేపు ఏదైనా జరిగితే బీమా వాళ్లు మొదట అడిగేది కూడా ఇదే.

అమెరికాలో పిల్లలు ధైర్యంగా లాగుతున్నారంటే దానికో ఆధారం ఉంది. లాగే సత్తాను కొలవడానికి అక్కడి ఇంజనీర్ల సంఘం ఒక ప్రమాణం రాసింది. దాని పేరు ఎస్‌ఏఈ జె 2807. అరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గర పదకొండు మైళ్లకు పైగా సాగే ఎక్కుడు రోడ్డొకటి ఉంది. ఎండాకాలంలో, ఏసీ పూర్తిగా పెట్టి, ట్రైలర్ తగిలించి ఆ ఎక్కుడు ఎక్కించాలి. వేగం ఒక హద్దు కంటే తగ్గకూడదు, ఇంజను వేడెక్కి మొరాయించకూడదు. ఆ ప్రమాణం పాటించే కంపెనీలు అట్లా నెగ్గాకే పుస్తకంలో అంకె రాస్తాయి. ఇంకొకటి, అక్కడ డ్రైవరు తలుపు తెరిస్తే కారు మొత్తం మీద ఎన్ని కిలోలు మోయవచ్చో చెప్పే చీటీ అతికించి ఉంటుంది. అమెరికాలో ఉండి ఈ ప్రసంగం వింటున్నవాళ్లకు నా మాట ఒకటే. ప్రకటనలో చెప్పే లాగుడు అంకె పెద్దదిగా ఉంటుంది. తలుపు దగ్గరి చీటీలో అంకె చిన్నది. మనుషులు, సామానుతో పాటు ట్రైలర్ ముందు భాగం కారు మీద మోపే బరువు కూడా ఆ చీటీ లెక్కలోకే వస్తుంది కాబట్టి, చాలాసార్లు ముందు అడ్డుపడేది ఆ చిన్న అంకే.

ఇప్పుడు ట్రైలర్ బరువు. షోరూములో చెప్పేది ఖాళీ బరువు. ఖాళీ ట్రైలర్‌తో ఎవరమూ విహారానికి పోము. ఒక ఉదాహరణ చెబుతాను, రాసుకోండి. ట్రైలర్ ఖాళీగా 520 కిలోలు అనుకుందాం. నీళ్ల ట్యాంకు 80 లీటర్లు. లీటరు నీళ్లు కిలో బరువు, అంటే 80 కిలోలు. ఇంట్లో వాడే 14.2 కిలోల గ్యాస్ సిలిండర్ ఇనుముతో కలిపి నిండుగా ఉంటే దాదాపు 30 కిలోలు. ఇన్వర్టర్ బ్యాటరీ 55. పరుపు, దుప్పట్లు 25. వంట పాత్రలు 20. బియ్యం, పప్పు, కూరగాయలు 20. బయట నీడకు కట్టే గుడ్డ, దాని గొట్టాలు 25. మడత కుర్చీలు 15. స్టెప్నీ చక్రం 15. మొత్తం కూడండి. 805 కిలోలు. ఇందులో విలాసం ఏదీ లేదు, ఫ్రిజ్ కూడా వేయలేదు. అయినా 520 కాస్తా 805 అయింది. ట్రైలర్ మీద ప్లేటులో గరిష్ఠ బరువు 750 అని ఉంటే మనం అప్పుడే హద్దు దాటినట్టు. అందుకే కొనేటప్పుడు ఖాళీ బరువు అడగడం కంటే, ఖాళీకీ గరిష్ఠానికీ మధ్య ఎంత తేడా ఉందో అడగడం ముఖ్యం. ఆ తేడాయే మీ సామానుకు దొరికే చోటు. 250 కిలోల కంటే తక్కువ తేడా ఉన్న ట్రైలర్ నలుగురున్న కుటుంబానికి పనికిరాదని నా అభిప్రాయం.

750 అనే అంకెను ఊరికే ఎత్తలేదు. ఐరోపా దేశాల్లో 750 కిలోలు దాటిన ట్రైలర్‌కు సొంత బ్రేకులు తప్పనిసరి. మన దేశపు వర్గీకరణలో కూడా ట్రైలర్ల మొదటి తరగతి 750 కిలోల దగ్గరే ఆగుతుంది. ఘాట్ రోడ్లున్న మన ప్రాంతానికి నేనైతే ఇంకా కిందికి వస్తాను. ట్రైలర్ ఎంత చిన్నదైనా బ్రేకులు ఉన్నదే కొనండి. రేటు కొంత ఎక్కువవుతుంది, కానివ్వండి. బ్రిటన్‌లో ఇట్లాంటి ట్రైలర్లు ఉన్నవాళ్ల కారవాన్ క్లబ్బులు కొత్తవాళ్లకు ఒక సలహా ఇస్తాయి. ట్రైలర్ బరువు ఖాళీ కారు బరువులో 85 శాతం దాటకూడదని. అది వాళ్ల చదును రోడ్లకు, వాళ్ల అలవాటుకు సరిపోయింది. మన కొండలకు, మొదటి ట్రైలర్‌కు, సగం దాటవద్దని నేనంటాను.

లెక్క కాగితం మీద సరిపోయాక కాటా దగ్గర సరిచూసుకోవాలి. మదనపల్లెలో టమోటా లారీలు తిరుగుతాయి, కుప్పం వైపు గ్రానైట్ లారీలు తిరుగుతాయి. వేబ్రిడ్జి వెతుక్కోవలసిన పని లేదు. మూడు తూకాలు వేయించండి. ఇంటిల్లిపాదీ కూర్చుని, డీజిలు నింపి, కారు ఒక్కటే మొదటి తూకం. 2,340 వచ్చిందనుకుందాం. తర్వాత నిండు ట్రైలర్ తగిలించి రెండూ కలిపి. 3,145 వచ్చింది. తేడా 805, అదీ ట్రైలర్ అసలు బరువు. మూడోసారి ట్రైలర్ చక్రాలు కాటా అవతల ఉండేట్టు నిలిపి, కారు చక్రాలు మాత్రమే కాటా మీద ఉంచాలి. ఈసారి 2,420 వచ్చింది. మొదటి తూకం కంటే 80 కిలోలు ఎక్కువ. ఆ 80 కిలోలు ట్రైలర్ ముక్కు కారు వెనక భాగం మీద మోపుతున్న బరువు. లారీల కాటాలు ఐదేసి, పదేసి కిలోల లెక్కన చూపిస్తాయి కాబట్టి ఈ చివరి అంకెను ఇంటి దగ్గర మనుషులు తూగే మిషను మీద ట్రైలర్ ముక్కు ఆనించి మళ్లీ చూసుకోవడం మంచిది.

ఈ ముక్కు బరువు గురించి కొంచెం ఎక్కువసేపు చెబుతాను, ఎందుకంటే ప్రాణాలు తీసే తప్పులు ఎక్కువగా ఇక్కడే జరుగుతాయి. ఎద్దులబండి తోలినవాళ్లకు ఇది చెప్పనక్కరలేదు. బస్తాలు వెనక్కి ఎక్కువైతే కాడి పైకి లేచి ఎద్దుల మెడకింద తాడు బిగుస్తుంది. ముందుకు ఎక్కువైతే మెడలు కుంగుతాయి. బస్తాలను ఇరుసుకు అటూఇటూ సర్ది, కాడి మీద కొద్దిగా భారం ఉండేట్టు చూసుకుని బండి కదిలిస్తారు. ట్రైలర్‌కూ అదే న్యాయం. అమెరికాలో మొత్తం బరువులో పదో వంతు నుంచి 15 శాతం దాకా ముక్కు మీద ఉండాలంటారు. ఐరోపాలో తయారయ్యే తేలిక ట్రైలర్లకు ఐదారు శాతం చాలంటారు. మీ ట్రైలర్ చేసినవాళ్లు చెప్పిందే పాటించండి, మీ కారు పుస్తకంలో ముక్కు బరువుకు ఉన్న హద్దు కూడా దాటకండి. ముక్కు తేలికై తోక బరువెక్కితే, గంటకు అరవై డెబ్బై కిలోమీటర్ల వేగంలో ఒక లారీ పక్కనుంచి దూసుకుపోగానే ట్రైలర్ అటూఇటూ ఊగడం మొదలుపెడుతుంది. ఒక్కో ఊపుకూ ఊగుడు పెరుగుతుంది, కారును కూడా ఊపేస్తుంది. అప్పుడు గాభరాగా బ్రేకు తొక్కినా, స్టీరింగు తిప్పి సర్దబోయినా బండి బోల్తా పడవచ్చు. స్టీరింగు తిన్నగా గట్టిగా పట్టుకుని, యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీసి, వేగం దానంతట అది తగ్గేదాకా ఓపిక పట్టాలి. అందుకే నీళ్ల ట్యాంకు, బ్యాటరీ ఇరుసు దగ్గర ఉన్న ట్రైలర్‌ను ఎంచుకోండి. స్టెప్నీ, సిలిండర్ అన్నీ వెనక గోడకు వేలాడదీసినవి చూడటానికి బాగుంటాయి గానీ, మంచివి కావు.

ఇక కొండ. హార్స్లీ హిల్స్ పాతపేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఎత్తు 1,260 మీటర్లకు పైమాటే. కడప కలెక్టరుగా పనిచేసిన డబ్ల్యు. డి. హార్స్లీ 1870 ప్రాంతంలో ఇక్కడ బంగళా కట్టుకోవడంతో ఈ పేరు స్థిరపడింది. కాండ్లమడుగు క్రాస్ దగ్గర పెద్దరోడ్డు వదిలి లోపలికి తిరిగితే ఘాట్ రోడ్డు. మలుపులు ముడుచుకుని ఉంటాయి, రోడ్డు వెడల్పు తక్కువ. ఎక్కేటప్పుడు ఇంజను మూలుగుతుంది కాబట్టి అందరూ ఎక్కుడుకే భయపడతారు. నిజమైన పరీక్ష దిగేటప్పుడు. రెండు టన్నుల కారు ఒంటరిగా దిగినప్పుడు బ్రేకులు ఎంత వేడిని మింగుతాయో, వెనకాల బ్రేకుల్లేని టన్ను ట్రైలర్ ఉంటే దానికి ఒకటిన్నర రెట్లు మింగాలి. బ్రేకు పెడలు మీద కాలు అదేపనిగా ఆనించి దిగితే నాలుగైదు మలుపులకే కాలిన వాసన వస్తుంది. ఆ తర్వాత పెడలు కిందిదాకా పోయినా బండి ఆగదు. ఎక్కిన గేరులోనో, దానికంటే ఒకటి తక్కువ గేరులోనో దిగాలి. ఇంజనే బండిని పట్టి ఉంచాలి. బ్రేకును నొక్కి, వేగం తగ్గగానే వదిలేయాలి. కాలిన వాసన వస్తే చోటు చూసుకుని పక్కన నిలిపి, బ్రేకులు పూర్తిగా చల్లారేదాకా ఆగండి. వేడి డ్రమ్ముల మీద నీళ్లు పోయవద్దు.

మలుపుల్లో ఇంకో చిక్కు ఉంది. ట్రైలర్ చక్రాలు కారు చక్రాల జాడలో రావు, మలుపు లోపలివైపుకు కోసుకుంటూ వస్తాయి. ట్రైలర్ ఎంత పొడుగైతే అంత ఎక్కువగా కోస్తుంది. ఒక పక్క కాలువ, ఇంకో పక్క పిట్టగోడ ఉన్న ఈ రోడ్డులో అది చిన్న విషయం కాదు. కొండ రోడ్డులో ఎక్కే బండికి దారి ఇవ్వాలి. మీరు ట్రైలర్‌తో దిగుతుండగా మలుపులో ఆర్టీసీ బస్సు ఎదురైందనుకోండి. వెనక్కి పోవలసింది మీరే. ఎత్తులోకి, మలుపు తిప్పుకుంటూ, ట్రైలర్‌ను వెనక్కి నెట్టాలి. ట్రైలర్‌ను వెనక్కి నడపడంలో స్టీరింగు కుడికి తిప్పితే ట్రైలర్ ఎడమకు పోతుంది. దీన్ని ఖాళీ మైదానంలో ఇటుకలు పేర్చుకుని, విసుగు వచ్చేదాకా సాధన చేయాలి. స్టీరింగును అడుగున పట్టుకుని, ట్రైలర్ ఎటు పోవాలో చేతిని అటు జరపడం ఒక సులువు. ఇది చేతికి అలవాటు కాకుండా ఘాట్ రోడ్డు ఎక్కడం మన ఒక్కరికే కాదు, ఆ బస్సులో ఉన్నవాళ్లకు కూడా ప్రమాదం.

పైకి చేరాక గాలిబండ దగ్గర గాలి ఎట్లా కొడుతుందో వెళ్లినవాళ్లకు తెలుసు. పలకగోడల ట్రైలర్‌కు ఆ గాలి బాగా తగులుతుంది. నిలిపాక చక్రాలకు ముందూ వెనకా అడ్డాలు పెట్టి, నాలుగు మూలలా కాళ్లు దించాలి. కొండమీద స్థలం తక్కువ, పైగా చుట్టూ అటవీ ప్రాంతం. టూరిజం వాళ్ల విడిది దగ్గర నిలుపుకోనిస్తారో లేదో ముందే అడిగి, ఒప్పుకుంటేనే బయలుదేరండి. కుప్పం, పలమనేరు మధ్య మాత్రం రాత్రిపూట రోడ్డు పక్కన నిలపవద్దు. అది కౌండిన్య అభయారణ్యం పక్కనే, పొలాల్లోకి ఏనుగులు దిగే దారి.

బయలుదేరే ముందు కారుకూ ట్రైలర్‌కూ ముడిపడే చోట ఒక్కసారి వంగి చూడాలి. కారు వెనక గుండు, దాని మీద ట్రైలర్ ముక్కున ఉన్న గిన్నె. చాలా దేశాల్లో గుండు 50 మిల్లీమీటర్లది, అమెరికాలో అంగుళాల కొలతలు. గుండూ గిన్నే ఒకే కొలత అయి ఉండాలి. 'దాదాపు సరిపోయింది' అన్నది ఇక్కడ చెల్లదు. గిన్నె కూర్చుని గొళ్లెం పడ్డాక, ట్రైలర్ ముందు చిన్న చక్రాన్ని హ్యాండిల్‌తో నాలుగు చుట్లు కిందికి దించండి. ముక్కుతో పాటు కారు వెనక భాగం కూడా పైకి లేస్తే ముడి సరిగ్గా పడినట్టు. గిన్నె ఒక్కటే లేచి వచ్చేస్తే పడనట్టు. తర్వాత చక్రం పూర్తిగా పైకి ఎత్తేయాలి. రెండు గొలుసులను ముక్కు కింద ఒకదానికొకటి అడ్డంగా వేసి తగిలించాలి. ముడి ఊడినా ముక్కు నేలకు కొట్టుకోకుండా ఆ గొలుసుల మీద ఆగుతుంది. ట్రైలర్ విడిపోతే దాని బ్రేకు దానంతట అది పడేలా ఒక సన్నని తీగ ఉంటుంది, దాన్ని కారుకు కట్టడం మరవకూడదు. ఒకరు కారులో కూర్చుని బ్రేకు, ఇండికేటర్లు వేస్తుంటే ఇంకొకరు వెనక నిలబడి అన్ని దీపాలూ వెలుగుతున్నాయా చూడాలి. టైర్లలో గాలి, టైరు తయారైన సంవత్సరం కూడా చూడండి. ఏళ్ల తరబడి ఎండలో నిలిపిన ట్రైలర్ టైర్లు పైకి కొత్తగానే కనపడతాయి, పక్కగోడల్లో పగుళ్లు ఉంటాయి. సెకండ్‌హ్యాండ్ ట్రైలర్ కొనేవాళ్లు ముందు చూడవలసింది అవే.

చట్టం మాట క్లుప్తంగా. మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలర్ కూడా వాహనమే. దానికి రిజిస్ట్రేషన్ కావాలి. దాని నంబరు దాని పక్కన, లాగే కారు నంబరు దాని వెనక కనపడాలి. రిజిస్ట్రేషన్ చేయించి ఇవ్వలేనివాళ్ల దగ్గర, స్థానికంగా వెల్డింగు చేయించినదైనా సరే, కొనకండి. మీ కారు బీమా ట్రైలర్‌కు వర్తిస్తుందో లేదో రాతలో తెలుసుకోండి. బండి కదులుతున్నప్పుడు ట్రైలర్‌లో ఎవరూ కూర్చోకూడదు. పసిపిల్ల నిద్రపోతోందని పరుపు మీద వదిలేసి పోవడం లాంటి పని ఎన్నటికీ చేయవద్దు.

మొదటి ప్రయాణం ఎట్లా చేయాలో నా అభిప్రాయం చెప్పి ముగిస్తాను. కుప్పం నుంచి బయలుదేరేవాళ్లైనా, పుంగనూరు నుంచి వచ్చేవాళ్లైనా, మొదటిసారి మదనపల్లె దాకా చదును రోడ్డులోనే ట్రైలర్ లాగండి. తెలిసినవాళ్ల ఆవరణలోనో తోటలోనో దాన్ని నిలిపి, కొండమీదికి కారు ఒక్కటే తీసుకుపోండి. సాయంత్రం దిగి వచ్చి ట్రైలర్‌లో పడుకోండి. పోతున్నప్పుడు మలుపులు చూడండి, పక్కకు తీసుకునే చోట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తుపెట్టుకోండి. కారు పుస్తకంలో అంకె ఉండి, కాటా తూకం ఆ అంకెకు లోపల ఉండి, ట్రైలర్‌కు బ్రేకులుండి, వెనక్కి నడపడం చేతికి వచ్చినప్పుడే ఆ ఘాట్ రోడ్డు మీదికి ట్రైలర్ ఎక్కించండి. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి లేకపోయినా హార్స్లీ కొండకు ట్రైలర్ వద్దు. గుడారం వేసుకోవడానికి చోటుంది, విడిదిలో గదులున్నాయి.

ఇప్పటికే ఎవరికైనా అడ్వాన్సు ఇచ్చి ఉంటే, మిగతా డబ్బు కట్టకముందు ఆ ట్రైలర్‌ను ఒక్కసారి మీ దగ్గరలోని కాటా మీదికి ఎక్కించమని అడగండి. ఒప్పుకోకపోతే కొనకండి.